మసిగుడ్డ

మసిగుడ్డ లేకుండా గంజి వార్చగలను నేను. కుతకుత ఉడికే అన్నం గుండిగను రెండు చేతులతో అంచు పట్టుకుని దించి, మూత అడ్డం పెట్టి వంచి, గంజి చివరి బొట్టు కారేదాకా అలాగే పట్టుకుని నిలబడగలను. కాలువ కింద భూములకని కన్నడదేశం వలసొచ్చిన మా తెలుగువాళ్ళ క్యాంపులో ఈ సంగతి అందరికీ తెలుసు. ఇంటికి ఎవరు భోజనానికొచ్చినా మావారు ఈ మాట చెప్పకుండా ఉండరు. "మా ఆవిడది చెయ్యి కాదండీ, ఇనుము. నిప్పు ముట్టుకున్నా చలించదు" అంటారు. వచ్చినవాళ్ళు నా చేతులవైపు చూస్తారు. నేనూ చూస్తాను, ఎవరో మరిచిపోయి వెళ్ళిన వస్తువును చూసినట్టు. మా అత్తగారు వెంకటరత్నమ్మగారు పక్కింటి కొత్త కోడలికి నన్ను చూపించి, "మేమూ ఇలాగే దించేవాళ్ళం. ఇప్పటి పిల్లలకి మసిగుడ్డ చాలదు, దూదిపరుపు కావాలి" అంటుంది. పదకొండేళ్ళ కాపురంలో ఆవిడ నన్ను మెచ్చుకున్నది ఈ ఒక్క విషయంలోనే.

ఆ ఉగాది పొద్దున కూడా పొయ్యి దగ్గరే ఉన్నాను. సౌమ్య నామ సంవత్సరం ముందురోజుతో అయిపోయింది. సౌమ్య అని ఎవరు పేరు పెట్టారో! వచ్చినది సాధారణ. ఆ పేరు నాకు నచ్చింది. సాధారణంగా ఒక ఏడాది గడిచిపోతే అంతకంటే అడగవలసినది ఏముంటుంది అనుకుంటూ వేపపువ్వు దులుపుతున్నాను. గుమ్మానికి మామిడాకులు కడుతున్న అత్తయ్య ముక్కాలిపీట మీదనుంచే చెప్పింది.

"కుసుమా, రేపు గోరేబాళనుంచి రెండు గేదెలొస్తున్నాయి. అబ్బాయి బేరం కుదుర్చుకున్నాడు. పాడి చూసుకోవడం ఇక నీదే."

"ఏ వేళకి చూడను అత్తయ్యా?" అన్నాను.

"ఏ వేళకేమిటి? మధ్యాహ్నం ఊరికే కూర్చుంటున్నావుగా, ఆ పుస్తకం ముందేసుకుని. ఆ వేళ కుడితి పెట్టి, కడిగి, పాలు పిండితే సరి. ఉగాదినుంచి ఆ పుస్తకం గోల కూడా వదిలించుకో. కొత్త ఏడాది, కొత్త పాడి."

నేను ఊరికే కూర్చునే వేళ ఒకటుంది, నిజమే. మధ్యాహ్నం కూలీలకీ ఇంట్లోవాళ్ళకీ పెట్టి, నేను తిని, అంట్లు తోమి బోర్లించాక, మళ్ళీ పొయ్యి రాజేసేదాకా. గడ్డివామి నీడలో పీట వేసుకుని కూర్చుంటాను. నాకు ఉన్నది ఆ వేళే. తక్కినదంతా వాళ్ళది. రేపటినుంచి అది కూడా గేదెలది కాబోతోంది. ఆ మాట విన్నప్పుడు కోపం రావాలి. రాలేదు. కోపం ఎక్కడ పుట్టాలో ఆ చోటు తడిమి చూసుకున్నాను, పన్ను ఊడిన చోట నాలుకతో తడుముకున్నట్టు. ఏమీ తగల్లేదు.

అది ఎప్పుడు పోయిందో నాకు తెలుసు. క్రితం శ్రావణమాసంలో పోయింది. వానాకాలపు పంట, సార్వా నాట్ల రోజులు. ఆ ఏడు కాలువకి నీళ్ళు ఆలస్యంగా వదిలారు. నారు ముదిరిపోతోంది. మా వంతు నీళ్ళు వచ్చేసరికి చుట్టుపక్కల ఊళ్ళనుంచి కూలీలను తెచ్చి ఒక్కసారే మళ్ళలో దింపారు మావారు శేషయ్యగారు. వాళ్ళందరికీ వంట నాది. మా పాప సుగుణకి అప్పుడు మూడేళ్ళు నిండి నాలుగోది. జ్వరం తగిలింది. మొదటిరోజు కషాయం ఇచ్చాం. రెండోరోజు పొద్దున కళ్ళు తేలేసి కాళ్ళూ చేతులూ కొట్టుకుంది. సింధనూరు ఆస్పత్రికి తీసుకెళదాం, బండి కట్టించండి అన్నాను. ఆయన మళ్ళవైపు చూశారు. వానకి నల్లరేగడి దారంతా జిగురై ఉంది. బండి కడితే ఎడ్లు పోతాయి, ఎడ్లతోపాటు మా పాలేరు అమరేశప్ప పోతాడు, మళ్ళు దున్నే దమ్ము ఆగిపోతుంది. "రేపటితో నాట్లయిపోతాయి. ఎల్లుండి తెల్లారగట్లే నేనే కట్టిస్తాను. పిల్లలకి జ్వరాలు రావా?" అన్నారు. ఆయన గొంతులో కసురు లేదు. నాకు బాగా గుర్తుంది, మెత్తగానే అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం కూలీలు విస్తళ్ళ ముందు కూర్చున్నారు. రెండో వడ్డన జరుగుతోంది. నా చేతిలో పప్పు గరిటె ఉంది. పాప దగ్గర కూర్చున్న అత్తయ్య లోపలినుంచి వచ్చి నా చెవిలో చెప్పింది. చెప్పి, నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, "నోరెత్తకు. విస్తరి ముందున్న మనుషులు. తిని లేవనీ" అంది. ఆవిడ దుర్మార్గురాలు కాదు. అన్నం ముందు కూర్చున్నవాళ్ళకి చావుకబురు చెప్పకూడదన్నది ఆవిడ పుట్టినప్పటినుంచీ నమ్మిన నీతి. నేనూ నమ్మినదే. వరస చివరిదాకా వడ్డించాను. చివర కూర్చున్న నింగమ్మ, అమరేశప్ప భార్య, "సాకవ్వా, సాకు" అని చెయ్యి అడ్డం పెట్టింది. చాలమ్మా అంటోందని తెలుసు. అయినా ఆ చేతి మీదే పప్పు పోశాను. ఆమె కేకవేసి చెయ్యి లాక్కుని నా మొహంలోకి చూసింది. ఆ వరసలో మొదట తెలుసుకున్నది ఆమే. తరవాత లోపలికి వెళ్ళి, ఇంకా మగ్గుతున్న మూడో గుండిగను వట్టి చేతులతో దించాను. అన్నం మాడకూడదు కదా. వట్టి చేతులతో దించడం అదే మొదలు.

నేను ఏడవలేదు. చూడవచ్చిన ఆడవాళ్ళు నన్ను పట్టుకుని ఏడ్చి, నేను కదలకపోయేసరికి కొంచెం అవమానపడి వదిలేశారు. "ఏడవని తల్లి ఇంటికి అరిష్టం" అన్నారొకరు. "గుండె రాయి చేసుకుంది పాపం" అన్నారింకొకరు. రాయి చేసుకోవడానికి నేనేమీ చెయ్యలేదు. గది తలుపు దానంతట అదే పడిపోయి లోపల గొళ్ళెం పడినట్టు అయింది. నేను బయట ఉండిపోయాను. బయటనుంచే వండాను, ఊడ్చాను, ఆయన పిలిచినప్పుడు పక్కలోకి వెళ్ళాను. బాధ లేకపోతే హాయిగా ఉంటుందనుకుంటారు. ఉండదు. ఉప్పు చూడకుండా వండిన కూర మాదిరి రోజులుంటాయి. కార్తీకం వెళ్ళాక అత్తయ్య కొడుకుతో అంటోంటే విన్నాను. "ఇంకొకరు కడుపున పడితే అన్నీ అవే సర్దుకుంటాయి. డాక్టరుకి చూపించు." పాపకి కట్టని బండి ఆ కబురుకి వెంటనే కట్టారు. ఆ సంగతి కూడా అప్పుడు తట్టలేదు. రాయచూరు వెళ్ళే బస్సులో కూర్చున్న చాలాసేపటికి, ఎవరి గురించో అయినట్టు, తట్టింది.

రాయచూరులో మా వడ్లు అమ్మిపెట్టే దలాలీ వ్యాపారి గురునాథ్‌గారి ఇంట్లో దిగాం. వాళ్ళు తరాలుగా అక్కడే ఉన్న తెలుగువాళ్ళు. డాక్టరు నన్ను చూసి శరీరంలో ఏ లోపమూ లేదన్నాడు, కొన్నాళ్ళు ఊరు మారిస్తే మంచిదన్నాడు. మావారికి వడ్ల తూకాలున్నాయి. నన్ను గురునాథ్‌గారి భార్య రామాబాయి దగ్గర వదిలి వెళ్ళారు. ఆమె నాకంటే చాలా పెద్దది, పెద్ద బొట్టు, గట్టి గొంతు. మొదటిరోజు నన్ను కాసేపు చూసి అంది:

"ఏందమ్మా, ఎప్పటిసంది గోడనే చూస్తున్నవ్. గోడ మీద ఏమన్న రాసున్నదా?"

"లేదండీ."

"అండీ గిండీ ఒద్దు, అక్కా అను. సదువొస్తదా నీకు?"

"అయిదో తరగతి అక్కా."

"మస్తాయె. అలమారల కితాబులున్నయ్. ఏది బుద్ధిపుడితె అది తీస్కో. ఒక్క మాట ఇను. అన్నాలైనంక గీ వేళల నేను సదువుకుంట. పిలిస్తె పలకను. ఇల్లు కాలుతున్నా పలకను. మా ఆయనకు మాలూమే."

నిజంగానే పలకలేదు. గురునాథ్‌గారు ముందుగదిలోంచి టీ కోసం ఒకసారి పిలిచి, తనకు తానే "అరే, మరిచిన" అనుకుని ఊరుకున్నారు. అలాంటి వింత నేను ఎన్నడూ చూడలేదు. మర్నాడు అడిగాను, ఈ వేళ మీకెవరిచ్చారక్కా అని. ఆమె కళ్ళద్దాలు తీసి నవ్వింది.

"ఎవరిస్తరు? ఇదేమన్న నిజాం ఇచ్చిన జాగీరా? కూసున్న. అత్త తిట్టింది, కూసున్న. ఆయన గుస్స జేసిండు, కూసున్న. తిట్టీ తిట్టీ వాళ్ళకే యాష్టకొచ్చింది."

అలమారలో నేను తీసుకున్న పుస్తకానికి అట్ట లేదు. మొదటి పేజీలూ లేవు. అందుకే తీసుకున్నాను. పేరు లేనిది నన్నేమీ అడగదనిపించింది. మొదట్లో అక్షరాలు కనిపించేవి గాని మాటలయ్యేవి కాదు. ఒకే పేజీ మూడు మధ్యాహ్నాలు చూశాను. నాలుగోనాటికి ఒక ఓడ కనిపించింది. అది మంచుసముద్రంలో ఇరుక్కుపోయింది. చుట్టూ ఎటు చూసినా తెలుపే. కొంతమంది మగవాళ్ళు, ఒక కెప్టెను, ఒక వంటవాడు. వాళ్ళు అక్కడికి ఎందుకు వెళ్ళారో ఆ పోయిన పేజీల్లో ఉండాలి. నాకది అక్కర్లేదు. వాళ్ళు ఎందుకు వెళ్ళినా ఆ వంటవాడు మాత్రం మూడు పూటలా వండుతున్నాడు. కెప్టెను దిక్కులు కొలుస్తాడు, ఇంకొకడు చుక్కలు చూస్తాడు, వాళ్ళ గురించి పేజీలకి పేజీలు. వంటవాడి గురించి ఒక్కో వాక్యం. ఆ వాక్యం కోసం వెతుక్కుంటూ చదివాను. రాయచూరు మధ్యాహ్నపు ఎండలో కూర్చుని, మంచులో పొయ్యి రాజెయ్యలేక తిప్పలుపడే మనిషి గురించి ఆదుర్దా పడ్డాను. ఆదుర్దా! పుస్తకం మూసి ఆ మాటను కాసేపు పట్టుకుని కూర్చున్నాను.

ఒకచోట ఆ వంటవాడు మరిగే నీళ్ళ కెటిలును వట్టి చేత్తో పొయ్యి మీదనుంచి తీసి, అందరికీ తేనీరు పోస్తాడు. తక్కినవాళ్ళు అతని ధైర్యానికి చప్పట్లు కొడతారు. కెప్టెను మొహం మాత్రం పాలిపోతుంది. అతని చెయ్యి లాక్కుని చూస్తాడు. వేళ్ళు తెల్లగా, మైనంలా ఉంటాయి. 'ఇది ధైర్యం కాదు. మంచుకి ఇతని వేళ్ళు చచ్చిపోతున్నాయి' అంటాడు.

నేను నా అరచేతులు తిప్పి చూసుకున్నాను. అంచు పట్టుకున్నచోటల్లా నల్లగా కమిలిన మచ్చలు. కొన్ని పాతవి, కొన్ని పచ్చివి. ఏ మచ్చ ఎప్పుడు పడిందో ఒక్కటీ తెలియదు. ఇవి చూసి మావారు నలుగురికీ చెప్పుకున్నారు. ఇవి చూసి అత్తయ్య మెచ్చుకుంది. ఇన్నాళ్ళలో ఇవి చూసి మొహం పాలిపోయిన మనిషి, పేరైనా తెలియని ఆ పుస్తకంలోని కెప్టెనొక్కడే.

రామాబాయి అక్క ఎప్పుడు వచ్చిందో పక్కన నిలబడి ఉంది. నా చేతులు చూసింది. లోపలినుంచి వెన్న తెచ్చి రాసింది. రాస్తూ, "మంటగున్నదా?" అని అడిగింది. లేదక్కా అన్నాను. "అయితె ఇంకా టైము పడ్తది" అంది, ఊళ్ళో బస్సు సంగతి చెప్పినట్టు.

రెండో పంట, దాళ్వా నాట్లకి ముందే మావారు వచ్చి తీసుకొచ్చేశారు. బయల్దేరేటప్పుడు అక్క ఆ పుస్తకాన్ని నా సంచిలో పెట్టింది. "ఖతం అయినంక తెచ్చియ్యి. ఖతం గాకున్నా రా" అంది.

అప్పటినుంచీ ఇంట్లో నా మధ్యాహ్నాల మీద మాటలు పడుతూనే ఉన్నాయి. "ఏముంది అందులో, వంకాయ కూర ఎలా వండాలో ఉందా?" అని ఆయన. "చదివితే పిల్లలు పుడతారా?" అని అత్తయ్య. నేను పలక్కుండా లేచి చెప్పిన పని చేసి, మళ్ళీ వచ్చి కూర్చునేదాన్ని. లేచిన ప్రతిసారీ పేజీ తప్పిపోయేది. అయినా చివరికొచ్చాను. వంటవాడి వేళ్ళకి ఏమవుతుందో చెప్పే పేజీలు కొన్నే మిగిలాయి. అక్కడ ఆపేశాను. నెల పైన అయింది, అక్కడే ఉన్నాను. చదివిన పేజీలనే మళ్ళీ చదువుతున్నాను. ఆ చెయ్యి తీసెయ్యాల్సి వచ్చిందని ఉంటే నేనేం చెయ్యాలో నాకు తెలియదు.

ఉగాదినాడు నా చదువుకి ఇంట్లో విలువుంటుంది. మా క్యాంపులో పురోహితుడు లేడు. తణుకు నుంచి తెప్పించిన పంచాంగం నేనే చదవాలి. గుమ్మం లోపల నేను, బయట అరుగు మీద మావారూ పక్కింటి గోపాలయ్యగారూ కూర్చున్నారు. వానలూ పంటలూ అయ్యాక రాశులు చదివాను. మావారి రాశికి రాజపూజ్యం ఆరు, అవమానం మూడు అని వచ్చింది.

"మూడేనా!" అన్నారు గోపాలయ్యగారు. "అదృష్టవంతుడివయ్యా శేషయ్యా. మా ఇంట్లో అయితే ఆ మూడూ కాఫీ వేళకే అయిపోతాయి."

నవ్వులయ్యాక గోపాలయ్యగారే మళ్ళీ అడిగారు, "అమ్మాయిది ఏ రాశి?"

"ఆడవాళ్ళకి వేరే ఎందుకండీ, నా రాశే" అన్నారు మావారు. అయితే నాకూ ఏడాదికి మూడే. పంచాంగం మూసేశాను.

ఇంతలో అమరేశప్ప వచ్చాడు. ఈ ప్రాంతంలో పాలేరు ఏడాది ఉగాదినుంచి ఉగాదికి. ఆ రోజు యజమాని అడగాలి, పాలేరు చెప్పాలి, తాంబూలం పుచ్చుకోవాలి. పుచ్చుకునేదాకా అతను ఎవరి మనిషీ కాదు. వచ్చిన కొత్తలో మావాళ్ళకి ఇది వింతగా ఉండేది, ఇప్పుడు అలవాటైంది. ఏడాది పొడుగునా మావారి ముందు నిలబడే అమరేశప్ప ఆ పూట మాత్రం తుండు పరుచుకుని అరుగు మెట్టు మీద కూర్చుంటాడు. ఇస్త్రీ లేకపోయినా ఉతికిన అంగీ వేసుకున్నాడు.

"ఏమోయ్ అమరేశప్పా, ఉంటావా? వెళతావా?" అన్నారు మావారు.

అతను కాలువవైపు చూశాడు. గోపాలయ్యగారివైపు కూడా ఒకసారి చూశాడు, ఆయన కూడా పాలేరును వెతుక్కుంటున్న సంగతి మావారికి గుర్తుచేస్తున్నట్టు.

"నోడోణ సావ్కార్రీ, చూద్దాం. పోయినేడు కంబళి ఇయ్యలే. ఈ యేడు కంబళి బేకు, కావాలె. చెప్పులు బేకు. ఇంకోటి, సోమారం మధ్యాన్నం దాటినంక నేను రాను రీ. మా దేవరి వారం. పిలిస్తే పలకను."

"గట్టు తెగినా పలకవా?"

"తెగితే మంగళారం కట్టిస్తా."

గోపాలయ్యగారు తొడ చరిచి నవ్వారు. మావారూ నవ్వారు. "సరే పోనీ, ఏడుస్తూ ఒప్పుకుంటున్నాను. కుసుమా, తాంబూలం!"

పళ్ళెం తీసుకొచ్చాను. ఆయన ఆకూ వక్కా తీసి ఇచ్చారు. అమరేశప్ప కళ్ళకద్దుకుని లేచి పక్కకి జరిగాడు. పళ్ళెంలో ఇంకో రెండు ఆకులు మిగిలాయి. అవి తీసుకుని నేను లోపలికి వెళ్ళాలి. వెళదామనే తిరిగాను. పిలిస్తే పలకను అని అతను అన్నప్పుడు ఆ మాట ఇదివరకు ఎక్కడ విన్నానా అని ఆలోచిస్తున్నాను. రేపు గేదెలొస్తున్నాయి. అమరేశప్ప లేచిన మెట్టు మీద కూర్చున్నాను.

"నాది కూడా ఈ ఉగాదికి ఏడాది అయిందండి" అన్నాను.

"ఏమిటయింది?" అన్నారు మావారు.

"నన్నూ అడగండి."

"ఏమని?"

"ఉంటావా, వెళతావా అని."

"ఇవాళ నీకు ఇద్దరు పాలేర్లోయ్ శేషయ్యా!" అన్నారు గోపాలయ్యగారు. తరవాత నా మొహం చూసి, నవ్వు ఆపి, కండువా వెతుక్కోవడం మొదలుపెట్టారు.

అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది. "పండగపూట ఇదేం వాలకమే! పాలేరుతో పోలికేమిటి? నువ్వు ఇంటి ఇల్లాలివి."

"అతను పాలేరు గనక అడిగారు అత్తయ్యా. ఇల్లాలినని నన్నెవరూ అడగలేదు."

మావారు బయటివాళ్ళ కోసం నవ్వుమొహం పెట్టారు. "సరే, అడిగాననుకో. ఏం కావాలి నీకు? నీకూ కంబళేనా?"

"గేదెలు నావల్ల కాదు. మధ్యాహ్నం అంట్లయ్యాక పొయ్యి రాజేసే వేళదాకా నన్ను పిలవకండి. పిలిస్తే పలకను."

"ఆ వేళ ఏం చేస్తావ్?"

"చదువుకుంటాను."

"చదివి?"

"తెలియదండి" అన్నాను.

"ఒప్పుకోకపోతే?" ఇప్పుడు ఆయన మొహంలో నవ్వు లేదు. అమరేశప్ప ఎటో చూస్తున్నాడు.

ఈ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. నా నోరు దానంతట అది చెప్పింది. "రాయచూరు బస్సు గోరేబాళ రోడ్డు మీద ఆగుతుంది. సుగుణ కోసం ఆ రోజు బండి అడిగాను. నా కోసం మీరు బండి కట్టించక్కర్లేదు. నడిచి వెళతాను."

పాప పోయాక ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ పైకి అనలేదు. నేనూ అనలేదు. అది పళ్ళెం పడ్డట్టు అరుగు మీద పడింది. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మావారు నావైపు కాదు, నా చేతులవైపు చూశారు. ఎన్నోసార్లు చూపించిన చేతులే. అప్పుడే చూసినట్టు చూశారు. తాంబూలం ఇవ్వలేదు. ఇవ్వననీ అనలేదు. లేచి చెప్పులేసుకుని కాలువగట్టుకి వెళ్ళిపోయారు. పళ్ళెం అక్కడే మెట్టు మీద వదిలి లోపలికి వెళ్ళాను.

పులిహోర, బొబ్బట్లు, పప్పు. అందరికీ వడ్డించాను. కాలువగట్టునుంచి వచ్చిన ఆయన ఉగాది పచ్చడి నాలుక్కి రాసుకుని పక్కన పెట్టారు. అంట్లు తోమి బోర్లించి, పీట తీసుకుని గడ్డివామి నీడకి వెళ్ళాను.

కాసేపటికి అరుగు మీదనుంచి కేక వినిపించింది. "కుసుమా, మంచినీళ్ళు!"

లేవబోయాను. కాళ్ళు పదకొండేళ్ళ అలవాటున లేచాయి కూడా. మళ్ళీ కూర్చోబెట్టాను. రామాబాయి అక్క చెప్పింది ఇదే కాబోలు. అడగడం తేలిక. కూర్చోవడమే కష్టం. రెండోసారి పిలిచారు. గొంతు పెరిగింది. అత్తయ్య ఏదో సణిగింది. ఆ తరవాత కుండ అంచుకి చెంబు తగిలిన చప్పుడు, నీళ్ళు ముంచుకున్న చప్పుడు.

చివరి పేజీలు తిప్పాను. వంటవాడి చేతుల్ని మంటకి చూపించకూడదట. కెప్టెను తన చొక్కా విప్పి, ఆ చచ్చుబడ్డ చేతుల్ని తన పొట్టకి ఆనించుకుని కూర్చుంటాడు. ఎంతసేపో. చివరికి వంటవాడు కేకపెడతాడు. మంటగా ఉందని, ప్రాణం పోతోందని, అక్కడున్న ఒక్కొక్కరినీ పేరు పెట్టి బూతులు తిడతాడు. తిట్లు తింటున్నవాళ్ళు ఒకరినొకరు కావలించుకుని ఏడుస్తారు. రెండు వేళ్ళు పోయాయి. తక్కినవి దక్కాయి. అక్కడితో పుస్తకం చిరిగిపోయింది. ఆ ఓడ మంచులోంచి బయటపడిందో లేదో, వాళ్ళు ఇళ్ళకి చేరారో లేదో తెలియదు. చిరిగిన అంచును వేలితో తడుముతూ కూర్చున్నాను. ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు.

నీడ సాగింది. పుస్తకాన్ని దూలం సందులో పెట్టి వెళ్ళి పొయ్యి రాజేశాను. మెట్టు మీది పళ్ళెం ఎవరూ తీయలేదు, ఆకులు వాడిపోయి ఉన్నాయి. ఎసరు పెట్టాను, బియ్యం కడిగి పోశాను. అన్నం ఉడికింది. ఎప్పటిలాగే వంగి రెండు చేతులూ గుండిగ అంచు మీద వేశాను.

చేతులు వాటంతటవే వెనక్కొచ్చాయి.

ఏం జరిగిందో వెంటనే అర్థం కాలేదు. అరచెయ్యి చూసుకున్నాను. పాత నల్లమచ్చ పక్కన కొత్తగా ఒక గీత, ఎర్రగా. వేలు నోట్లో పెట్టుకున్నాను. మళ్ళీ చెయ్యి చాచి, ఒక్క వేలితో అంచును తాకి, మళ్ళీ తీసేశాను. మంట వేలినుంచి మణికట్టుకి పాకింది. పొయ్యిలో పొగ లేదు. అయినా ఎదురుగా ఉన్న గుండిగ అలుక్కుపోయినట్టు కనిపించింది.

"ఏమిటే, అన్నం మాడు వాసనొస్తోంది, దించవేం?" అంది అత్తయ్య వసారాలోంచి.

"కాలుతోంది అత్తయ్యా" అన్నాను. "మసిగుడ్డ ఎక్కడ పెట్టారు?"